పశువుల మాయ చేత్తో తీయడం ఎందుకు మానేశాను: ట్రైనింగుల గురించి నా అనుభవం

మీరు రెండు విషయాలు అడిగారు. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) అయి మూడేళ్లయింది, మండలానికంతా ఒక్కరే పశువుల డాక్టరు, ట్రైనింగులకు వెళితే నిజంగా ఏమైనా వస్తుందా, లేక సంతకం పెట్టి, భోజనం చేసి, సర్టిఫికెట్ తెచ్చుకోవడమేనా అన్నది మొదటిది. మీ దగ్గర పనిచేసే అసిస్టెంటుకు కూడా నేర్పించే దారి ఉందా అన్నది రెండోది.

నేను 2004లో తిరుపతి కాలేజీలో డిగ్రీ తీసుకున్నాను. అప్పటికి మాది ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆ మరుసటి ఏడు వచ్చింది. అప్పట్నుంచీ రాయలసీమ పల్లెల్లోనే పని. ఇన్నేళ్లలో చాలా ట్రైనింగులకు వెళ్లాను. కొన్నిట్లో కూర్చుని వచ్చాను, అంతే. రెండు మూడు మాత్రం నా చేతి పనినే మార్చేశాయి. ఏ ట్రైనింగ్ పనికొచ్చిందో తెలుసుకోవడానికి నేను ఒకటే చూసుకుంటాను: తిరిగొచ్చాక, అంతకుముందు రోజూ చేసే ఏ పని మానేశాను?

నేను మానేసిన వాటిలో పెద్దది మాయ, అంటే దూడ పుట్టాక గర్భసంచి నుంచి బయటికి రావాల్సిన పొర, చేత్తో తీయడం. గేదె ఈని రాత్రి గడిచినా మాయ పడకపోతే రైతు పొద్దున్నే ఫోన్ చేస్తాడు. సీనియర్ల దగ్గర నేను చూసి నేర్చుకున్నది ఒకటే పద్ధతి. భుజం దాకా చేయి పెట్టి, గర్భసంచి గోడ మీద గుండీల్లా ఉండే బుడిపెల నుంచి మాయను ఒక్కోచోట విడదీస్తూ లాగేయడం, లోపల బిళ్లలు పెట్టడం, ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేసి రావడం. అరగంట, ముప్పావు గంట పట్టేది. మాయ మొత్తం బయటికి వచ్చి నేల మీద పడితే రైతు ముఖం వెలిగిపోయేది. ఆ ఊళ్లో డాక్టరుకు పేరు వచ్చేది కూడా ఆ పనితోనే.

2009లో ఒక రోజు, ఎనిమిదో నెలలో ఈసుకుపోయిన (కడుపు పోయిన) గేదెకు మాయ తీయాల్సి వచ్చింది. పొడవు గ్లవ్స్ అయిపోయాయి. సబ్బు రాసుకుని ఉత్త చేతులతోనే తీశాను. కొన్ని వారాల తర్వాత జ్వరం మొదలైంది. పగలంతా బాగుండేది, సాయంత్రమయ్యేసరికి కాగేది. రాత్రి దుప్పటి పిండేంత చెమట, నడుము కూర్చోనివ్వనంత నొప్పి. టైఫాయిడ్ అనుకుని రెండు విడతలు మందులు వాడాను, తగ్గలేదు. చివరికి నాకే ఆ గేదె గుర్తొచ్చి బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకు అంటే క్రిమి) పరీక్ష చేయించమని అడిగాను. పాజిటివ్. 6 వారాలు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ వేసుకున్నాను. ఇంట్లో చంటిబిడ్డ ఉండేది. ఆ 6 వారాలూ మా ఆవిడ పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. కడుపులో బిడ్డను పోగొట్టుకున్న పశువును ముట్టుకునే ముందు బ్రూసెల్లాను అనుమానించాలని నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. పశువుల పాకలో మాత్రం అది గుర్తు రాలేదు.

ఆ తర్వాతి ఏడాది పునరుత్పత్తి సమస్యల మీద 5 రోజుల ట్రైనింగుకు పేరు వచ్చింది. నిర్వహించిన ప్రొఫెసర్ ముందే ఒక మాట పంపారు. మీరు మాయ తీసిన ఆఖరి 10 కేసుల వివరాలు తెండి, ఆ పశువులు మళ్లీ ఎప్పుడు ఎదకు వచ్చాయి, ఎప్పుడు చూడి కట్టాయి రాసుకుని రండి అని. రిజిస్టరు తిరగేసి, రైతులకు ఫోన్లు చేసి, ఆ లెక్క రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. 10లో 6 పశువులు 5 నెలలు దాటినా చూడి కట్టలేదు. రెండింటిని అప్పటికే అమ్మేశారు. మాయ తీశాక ఆ పశువు ఏమైందని నేను ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. క్లాసులో అందరి కాగితాలూ దాదాపు అలాగే ఉన్నాయి.

అప్పుడు ఆయన చెప్పింది ఇది. చేత్తో లాగినప్పుడు మాయ మొత్తం రాదు. కొసలు తెగి బుడిపెల్లోనే ఉండిపోతాయి. లోపలి పొర గాయపడుతుంది. మన చేతితో పాటు వెళ్లిన క్రిములకు ఆ గాయం దారి ఇస్తుంది. జ్వరం లేకుండా, మేత తింటున్న పశువైతే దాన్ని వదిలేయాలి. వేలాడే భాగాన్ని కత్తిరించి, రోజూ జ్వరం చూస్తూ ఉండాలి. చాలా వాటికి వారం పది రోజుల్లో అదే కుళ్లి జారిపోతుంది. జ్వరం వస్తే లోపల బిళ్లలతో సరిపెట్టకుండా ఒంటికి పట్టేలా యాంటీబయాటిక్ పూర్తి కోర్సు ఇవ్వాలి. నా 10 కేసుల కాగితం చేతిలో లేకపోయుంటే ఈ మాటలు కూడా మిగతా ఉపన్యాసాల్లాగే చెవి పక్క నుంచి పోయేవి.

తిరిగొచ్చాక అసలు కష్టం మొదలైంది. మొదటి కేసు ఒక పెద్దావిడది, ఒకే ఒక్క ఎనుము. మాయ తీయను, నాలుగైదు రోజులు చూద్దాం అన్నాను. "మాయ తీయకుండా పోతే నువ్వేం డాక్టరు నాయనా, నాలుగిళ్ల దాకా వాసన కొడతాంది" అంది. వేలాడే ముక్క కత్తిరించి, తోక కింద వేపాకు నీళ్లతో కడగమని చెప్పి, ఒక థర్మామీటరు ఇచ్చి వాళ్ల మనవడికి చూడడం నేర్పాను. 103 దాటితే ఏ రాత్రైనా ఫోన్ చేయమన్నాను. ఆ అబ్బాయి రోజూ పొద్దున బడికి పోయే ముందు ఫోన్ చేసి అంకె చెప్పేవాడు. 101.8, 102, 101.6. ఎనిమిదో రోజు మాయ పడిపోయింది. మూడో నెలలో కృత్రిమ గర్భధారణ సూది వేస్తే మొదటిసారికే చూడి నిలిచింది. అన్నీ ఇలా సుఖంగా జరగలేదు. రెండో కేసులోనే మూడో రోజుకు 104 వచ్చి, మేత మానేసి, 5 రోజులు మందులిచ్చి కాపాడుకోవాల్సి వచ్చింది. ఆ రైతు ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంకో రైతు నేను తీయనన్నానని పక్క ఊరి నుంచి వేరే అతన్ని పిలిపించుకున్నాడు. ట్రైనింగులో కొత్త పద్ధతి నేర్పుతారు గానీ ఊరికి దాన్ని నచ్చజెప్పడం నేర్పరు. దానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇక మీ అసిస్టెంటు సంగతి. నా ఉద్దేశంలో మీ ప్రశ్నలో ముఖ్యమైనది ఇదే. మా ఆస్పత్రిలో అసిస్టెంటుగా చేసిన ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. 20 ఏళ్లుగా కృత్రిమ గర్భధారణ చేస్తున్న మనిషి. ఊళ్లలో నాకన్నా ఆయనకే పేరు ఎక్కువ. ఒకసారి ఇద్దరినీ కలిపి రెండు రోజుల రిఫ్రెషర్‌కు పిలిచారు. రెండో రోజు కబేళా నుంచి తెచ్చిన గర్భసంచులు బల్లల మీద పెట్టారు. స్ట్రాలో, అంటే వీర్యం నింపే సన్నని గొట్టంలో, వీర్యం బదులు నీలం రంగు. చూడకుండా, మామూలుగా పశువుకు చేసినట్టే స్ట్రా బిగించిన గన్ను పంపి రంగు వదలాలి. తర్వాత కత్తెరతో కోసి రంగు ఎక్కడ పడిందో చూడాలి. సెర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) దాటగానే, గర్భసంచి మొదట్లో పడాలి. ఆయన 10 సార్లు చేస్తే నాలుగుసార్లు రంగు సెర్విక్స్ మడతల్లోనే ఉండిపోయింది. రెండుసార్లు గన్ను మరీ లోపలికి పోయి గర్భసంచి రెండు పాయల్లో ఒక్క కుడి కొమ్ములోకే దిగింది. నావి ఆయనవాటి కన్నా ఏమంత మెరుగ్గా లేవు.

ఆయన ఆ కోసిన గర్భసంచిని వేలితో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర, "ఇన్నేళ్లూ మీ ఎనుములే తిరగపొర్లుతున్నాయని (చూడి కట్టక మళ్లీ మళ్లీ ఎదకు వస్తున్నాయని) రైతులకు చెప్తా వచ్చాను గదా సార్" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఆ రోజు నుంచి ఆయన రెండు పనులు మార్చుకున్నాడు. స్ట్రాను జేబులో, అరచేతిలో కరిగించడం మానేసి థర్మామీటరు పెట్టుకుని 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచడం ఒకటి. ద్రవ నత్రజని కంటైనర్‌లో స్ట్రాలు వెతికేటప్పుడు వాటిని మూతి పైదాకా ఎత్తకపోవడం రెండోది. లోపల మైనస్ 196 డిగ్రీలు. పైకి ఎత్తి కావాల్సిన ఎద్దు నంబరు చదివే కాసేపట్లోనే మిగతా స్ట్రాలూ చెడతాయి.

అసిస్టెంటు పని మన పర్యవేక్షణలోనే జరగాలని చట్టం కూడా చెబుతుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చిన్నపాటి పశువైద్య సేవలు చేయవచ్చు, కానీ రిజిస్టర్డ్ డాక్టరు పర్యవేక్షణలో. అంటే ఆయన చేతికి వచ్చిన పనికీ, రాని పనికీ మనదే బాధ్యత. మనం నేర్చుకుని ఆయనకు నేర్పకపోతే మండలంలో సగం పశువులకు ఆ ట్రైనింగ్ అందనట్టే. కాలిఫోర్నియాలో ఉన్న నా క్లాస్‌మేట్ చెప్పేది వింటే ఈ విషయంలో నాకు నిజంగా అసూయగా ఉంటుంది. అక్కడ లైసెన్సు నిలవాలంటే రెండేళ్లకు డాక్టరు 36 గంటలు, రిజిస్టర్డ్ టెక్నీషియన్ 20 గంటలు చదువు చూపించాలి. బ్రిటన్‌లో ఏటా డాక్టరుకు 35 గంటలు, నర్సుకు 15. టెక్నీషియన్‌కూ లెక్క ఉందన్నదే నాకు నచ్చిన విషయం. నేను రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకున్నప్పుడు ఫీజు అడిగారు గానీ ఈ ఐదేళ్లలో ఏం నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు.

మందుల విషయంలో కూడా మనం చదివింది మన కళ్ల ముందే మారిపోతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నొప్పికీ, జ్వరానికీ సంచిలో మొదటి మందు డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయని పరిశోధకులు బయటపెట్టింది 2004లో, అంటే నేను డిగ్రీ తీసుకున్న ఏడే. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. నాకు సర్క్యులర్ వచ్చింది, వాడడం మానేశాను, కారణం మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగులో విన్నాను. ఆ కారణం ముందే తెలిసుంటే దాని బదులు కీటోప్రొఫెన్‌కు మారేవాణ్ని కాదు, మెలాక్సికామ్‌కు వచ్చేవాణ్ని. రాబందులకు హాని చేస్తాయనే కీటోప్రొఫెన్‌నూ అసిక్లోఫెనాక్‌నూ కూడా 2023లో నిషేధించారు. పాడి పశువులకూ, కోళ్లకూ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లోనే నిషేధించారు. మీ మండలంలో మందుల షాపులో ఏముందో ఒకసారి చూసి రండి.

ఎక్కడికి వెళ్లాలంటే, ముందు మన విశ్వవిద్యాలయాలు: తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు కాలేజీలు, తెలంగాణ వాళ్లకైతే రాజేంద్రనగర్. చేతి పని నేర్పేవి అక్కడే దొరుకుతాయి. రోగాల లెక్కలు, నమూనాల సేకరణ మీద ఆసక్తి ఉంటే బెంగళూరులోని నివేది సంస్థ. రైతుతో మాట్లాడడం, గ్రూపులు నడపడం లాంటివైతే రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే సంస్థ. ఆన్‌లైన్ క్లాసులు సాయంత్రం ఇంట్లో కూర్చుని వినడానికి మంచివే. కొత్త రోగం వచ్చినప్పుడు, 2022లో లంపీ స్కిన్ విజృంభించినప్పుడు, అవే ఆదుకున్నాయి. కానీ అల్ట్రాసౌండ్ ప్రోబ్ పట్టుకుని 30 రోజుల చూడిని చూడడం స్క్రీన్ మీద రాదు. మందుల కంపెనీలు పెట్టే వాటికి వెళ్లండి, తప్పు లేదు, వాళ్ల మందు పేరు వచ్చిన ప్రతి స్లైడు దగ్గర మాత్రం వేరే ఏం వాడవచ్చని అడగండి.

వెళ్లడానికి ముందు రోజు రిజిస్టరు తీసి, మీకు చేతకాని మూడు కేసులు కాగితం మీద రాసుకోండి. ట్రైనింగ్ విషయం వేరైనా సరే. టీ విరామంలో ఆ కాగితంతో ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లండి, క్లాసులో కన్నా అక్కడే ఎక్కువ చెబుతారు. గాలికుంటు టీకాల నెలలో పేరు ఇవ్వకండి, మధ్యలో వెనక్కి పిలుస్తారు. పక్క మండలం డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆయన వెళ్లినప్పుడు మీరు చూసేలా.

మీ అసిస్టెంటుకు ఆర్డరు వచ్చేదాకా ఆగకండి. గత 6 నెలల్లో ఆయన వేసిన సూదులన్నీ, 3 నెలల తర్వాత చూడి తేలినవన్నీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక కాగితం మీద రాయండి. మీవి కూడా అదే కాగితంలో, ముందుగా మీవి రాయండి. తర్వాత కబేళా వాళ్లతో మాట్లాడి ఒక ఆదివారం నాలుగు గర్భసంచులు, ఒక సీసా నీలం రంగు తెప్పించుకోండి.