సంక్రాంతికి పులస

ప్రశ్న: అత్తయ్యగారూ, నాకు నలభై నాలుగేళ్లు. మాది సఖినేటిపల్లి మండలంలో ఒక ఊరు. డిగ్రీ చదివే మా అమ్మాయి హాస్టల్ నుంచి వస్తూ ఒక ప్రేమ నవల తెచ్చింది. పేరు రాయను, పిల్లలంతా ఇప్పుడు అదే చదువుతున్నారట, మీకు తెలిసే ఉంటుంది. మా రేవు కథే. పంతొమ్మిదేళ్ల పిల్ల రోజూ పంటెక్కి, అదే రేవు దాటించే పెద్ద పడవ, గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురంలో కాలేజీకి వెళ్తుంది. అవతలి గట్టు మీద రొయ్యల చెరువులున్నవాళ్ల అబ్బాయి బుల్లెట్ బండికి ఆనుకుని ఆమె కోసం నిలబడతాడు. నలభై రోజులు! ఆమె పలకదు. ఎవరి దగ్గరో నంబరు సంపాదించి మెసేజీలు పెడతాడు. నలభై ఒకటో రోజు అతను రాడు, ఈ పిల్ల కళ్లతో వెతుక్కుంటుంది. అక్కణ్ణించి ప్రేమ.

రెండు రాత్రుల్లో చదివేశాను. లేసు అల్లే అమ్మమ్మ కొంగుముడి విప్పి మనవరాలికి ఫీజు డబ్బులిచ్చే చోట ఏడ్చాను కూడా. చివరి వంద పేజీలప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు. కానీ ఆ రేవు దగ్గర కుర్రాడు కనిపించినప్పుడల్లా కడుపులో దేవినట్టయ్యేది. 1999లో నేనూ ఆ పంటే ఎక్కేదాన్ని. ఒకడు అలాగే నిలబడేవాడు. నేనెవరికీ చెప్పలేదు. ఎవరో మా నాన్న చెవిన వేశారు, సెకండియర్లో చదువు మాన్పించేశారు. నాకు. వాడి డిగ్రీ వాడికొచ్చింది.

“ఎలా ఉందమ్మా?” అని అమ్మాయి ఒకటే అడుగుతోంది. బాగుందంటే అబద్ధం, బాగోలేదన్నా అబద్ధమే. ఏం చెప్పను?

జవాబు: అమ్మాయ్, ఆ నవల నేనూ చదివాను. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పుస్తకాలిచ్చి పుచ్చుకున్న చేతులు, రిటైరైనా ఊరుకోవు. ముందు నా పేచీ చెప్పనీ. ఆ రచయిత సంక్రాంతి భోజనంలో పులస పులుసు పెట్టించాడు! పులస అంటే వానాకాలం వరదకి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం లోంచి గోదాట్లోకి ఎదురీదుకుంటూ వచ్చే చేప. పుస్తెలమ్మైనా తినాలంటారు సరే, పండగనాటికి అమ్మినా దొరకదు. ఇంకోచోట ఆగస్టులో వరద పోటు మీదుంటే వీళ్లిద్దరూ పంటు మీద వానలో తడుస్తూ నిలబడ్డారు. వరదొస్తే పంటు కట్టేస్తారని రేవులో టీ కొట్టతన్ని అడిగినా చెప్పేవాడు. ఈ రెండూ రాసి రచయితకి ఒక కార్డు కూడా పడేశాను.

అయినా పుస్తకం విసిరెయ్యలేదు, ఆ అమ్మమ్మ వల్ల. వేలి మీద దారం కోసిన గీత, చూపు ఆనకపోయినా కుట్ల లెక్క తప్పకపోవడం, ఏజెంటు డబ్బులు తగ్గించి ఇస్తుంటే నోరెత్తకపోవడం, ఇవి దగ్గర కూర్చుని చూసినవాళ్లు రాసే సంగతులు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. అల్లిన సరుకు విదేశాలకు పోతున్నా, అల్లేవాళ్లని మాత్రం ఖాళీగా ఉండి ఏదో అల్లుకునే గృహిణుల కిందే జమకట్టారని ఆవిడ గోల. ఈ నవల్లో అమ్మమ్మ అల్లేది కాలక్షేపానికి కాదు, ఆ దారం మీదే పిల్ల ఫీజు నడుస్తుంది. అందుకు ఆ రచయితకి దండం పెట్టొచ్చు.

ఇక రేవు సంగతి. నా చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న నవలల్లో హీరోకి కారుండేది, కారుకి మించిన పొగరుండేది, చెయ్యి పట్టుకుని లాగితే దాన్ని ప్రేమ అనుకుని మేం నిట్టూర్చేవాళ్లం. ఇప్పుడు కారు పోయి బుల్లెట్ వచ్చింది, అంతే. ఇష్టం లేదని తెలిసినా పదేపదే వెంటపడటం నేరమని 2013లో చట్టంలో చేర్చారు. నువ్వు పంటెక్కే రోజుల్లో దానికి అలాంటి పేరే లేదు. కుర్రాళ్లన్నాక ఆ మాత్రం అల్లరి ఉంటుందనేవారు, పిల్ల చదువు మాన్పించేవారు.

అలాగని నలభై ఒకటో రోజు ఆ పిల్ల వెతుక్కోవడం అబద్ధమని నేననను. పంతొమ్మిదేళ్ల వయసులో ఎవరో మన కోసం ఎండలో నిలబడ్డారంటే జడ సర్దుకోవాలనీ అనిపిస్తుంది, పంటు దిగకుండా వెనక్కి వెళ్లిపోవాలనీ అనిపిస్తుంది. జడ సంగతి నాలుగు పేజీలు రాశాడు. రెండోది రాయలేదు. జనంలో ఎవరి వెనక నక్కి దిగిందో, ఎవరు చూసి ఇంట్లో చెబుతారని వణికిందో ఒక్క ముక్క లేదు. నా నంబరు నీకెవరిచ్చారని చివరిదాకా అడగదు కూడా! నీ కడుపులో దేవింది ఆ రాయని పేజీలే. అవి నీకు కంఠతా వచ్చు.

మరి అమ్మాయికేం చెప్పాలంటావా? బాగుందో లేదో ఒక్క మాటలో తేల్చమని పరీక్షలో అడిగారా ఏమన్నా! పక్కన కూర్చో. ఇక్కడ ఏడ్చాను, ఇక్కడ పుస్తకం మూసేశానని పేజీలు తీసి చూపించు. ఎందుకు మూశావని అదే అడుగుతుంది, అప్పుడు 1999 చెప్పు. నాన్నగారి మీద కోపంతో మొదలెట్టకు, పంటుతో మొదలుపెట్టు. “అందుకే నువ్వు జాగ్రత్త” అన్న మాట మాత్రం నోట్లోంచి రానీకు. వచ్చిందా, ఇంకో పుస్తకం నీ కంట పడనివ్వదు.

ఇంకోటి, లైబ్రరీ అలవాటు కొద్దీ అడుగుతున్నాను. తిరిగొచ్చిన పుస్తకాల్లో పిల్లలు మూల మడిచిన పేజీలు ఉండేవి, నేను వాటిని విప్పే ముందు ఒకసారి చదివేదాన్ని. మీ అమ్మాయి ఏ పేజీ మడిచిందో చూశావా? అది రేవు పేజీ అయ్యుంటుందని నీ టెన్షన్. అమ్మమ్మ కొంగుముడి విప్పే పేజీ కూడా అయ్యుండొచ్చు. ముందది చూడు, తర్వాత కూర్చో.