మేకపిల్ల గాల్లో ఉన్నప్పుడు ఎవరు చూశారు?

"పాత పత్రికల్లో వింత ప్రమాదాలకు ఫొటో బదులు బొమ్మ ఎందుకు వేసేవాళ్లు?" అని అడిగారు. ఫొటోను పేపర్లో అచ్చేయడం 1880ల తర్వాత గానీ కుదురుకోలేదు, అంతకుముందు చెక్క మీద చెక్కి అచ్చు కొట్టేవాళ్లు. సరే, అది సగం సంగతే. ఫొటోలు వచ్చాక కూడా ఇటలీలో 'లా దొమెనికా దెల్ కొరియెరె' అనే వారపత్రిక 1899 నుంచి దశాబ్దాల తరబడి అట్ట మీద రంగుల బొమ్మే వేసింది. ఎందుకో నాకు మా జేజి వల్ల తెలిసింది.

మాది కడప జిల్లా ముద్దనూరు దగ్గర పల్లె. మట్టి మిద్దె. వంటింటి పైన పొగ పోవడానికి గవాచి, దాని మీద నాపబండ. ఆరోజు బండ పక్కకు జరిపి, జేజి వంగి సంగటి కెలుకుతోంది. నేను గడప మీద కూర్చుని ఎక్కాలు రాస్తున్నా. మా ఊళ్లో మిద్దెలన్నీ ఆనుకునే ఉంటాయి, మేకలు పైపైనే వీధంతా తిరిగొస్తాయి. ఉన్నట్టుండి గవాచి వెలుగు ఆరిపోయింది. తలెత్తేసరికి గాల్లో నాలుగు కాళ్లు! మేకపిల్ల దబ్బున జేజి వీపు మీద పడి, అక్కణ్ణుంచి మజ్జిగ కుండలో తల పెట్టింది. తెడ్డు ఎగిరింది. సంగటి ముద్ద గోడకు అతుక్కుంది. దేవుడి దయ, ఇద్దరికీ ఏమీ కాలేదు.

ఎవరు చెప్పారో, విలేకరి వచ్చాడు. రెండు రోజులకు జిల్లా పేజీలో ఫొటో పడింది. జేజి ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, మేకపిల్లను చంకనెత్తుకుని నిలబడింది. కింద 'మేకపిల్లతో వృద్ధురాలు' అని రాశారు. ఇందులో ప్రమాదం ఎక్కడుంది? అది కూడా అగ్గిపెట్టెంత. మిగతా పేజీ నిండా నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు.

ఫొటో ఎప్పుడూ అయిపోయాకే వస్తుంది. 1895లో పారిస్ మోంపర్నాస్ స్టేషన్లో రైలు గోడ పగలగొట్టుకుని వీధిలోకి దూకింది కదా, ఆ ఫొటో చూడండి. ఇంజిన్ తలకిందులుగా ఆనుకుని ఉంటుంది, అంతే. కింద చనిపోయింది భర్త బదులు పేపర్ల కొట్టు చూసుకుంటున్న ఒక ఆడమనిషి. ఆమె అందులో కనిపించదు. బొమ్మ వేసేవాడు ఆ క్షణాన్నే పట్టుకుంటాడు. ఆ ఇటలీ పత్రికకు నలభై ఏళ్లకు పైగా బొమ్మలేసిన అకిల్లె బెల్త్రామె మిలాన్ నగరం దాటింది తక్కువే, అన్నీ ఊహించి వేసినవే. ఊహ అయితేనేం, అబద్ధమంటే నేనొప్పుకోను.

ఇప్పుడు సీసీ కెమెరాలున్నాయిగా అంటారు. వాట్సాప్‌లో వస్తాయి, పైనుంచి నెత్తులు తప్ప మొహం కనబడదు, ఎర్ర సున్నా చుట్టి అదే ముక్క పదిసార్లు తిప్పుతారు. చూస్తే తలనొప్పి.

ఆ ఫొటో చూసిన కోపంతో నేనే పలక మీద బొమ్మ వేసి జేజికి చూపించా. కాసేపు చూసి, "కాళ్లు అట్ల చాపలేదురా, ముందు కాళ్లు ముడుచుకునింది" అని దిద్దింది. ఆమె అప్పుడు వంగి సంగటి కెలుకుతోంది.