విశాఖలో పురావస్తు స్థలాలు, నకలు విగ్రహాలు, మనుషులు: ఫొటోలు ఎక్కడ మొదలుపెట్టాలి?

పురావస్తు స్థలాలతోనూ, పాత శిల్పాలను చూసి చేసిన నకలు విగ్రహాలతోనూ విశాఖ సామాన్యులకున్న అనుబంధాన్ని ఫొటోల్లో చూపాలనుకుంటున్నానని, అసలైన స్థలాలకే పరిమితం కావాలా, సిమెంటు విగ్రహాలను కూడా తీసుకోవచ్చా అని మీరు అడిగారు. కొన్నేళ్లుగా ఇదే పని మీద తిరుగుతున్నవాడిగా నా మాట సూటిగా చెబుతాను. నకళ్లను తప్పకుండా తీసుకోండి, వీలైతే అక్కడి నుంచే మొదలుపెట్టండి. రక్షిత కట్టడం దగ్గర చూడటం తప్ప మనిషి చేయగలిగింది తక్కువ. నకలు విగ్రహాన్నయితే తాకుతాడు, బేరమాడతాడు, ఇంటికి తీసుకెళ్లి కడుగుతాడు, పండగనాడు దండ వేస్తాడు. మనసులోని గౌరవం కెమెరాకు అందదు. చేతులు చేసే పని అందుతుంది.

నగర శివార్లలో రోడ్డు పక్కన మొక్కలతో పాటు బుద్ధ విగ్రహాలు అమ్మే చోట్లు మీరు చూసే ఉంటారు. అటువంటి ఒక చోట, అచ్చు నుంచి తీసిన విగ్రహానికి చెవి పక్కగా దిగిన అతుకు గీతను ఉప్పుకాగితంతో రుద్దుతున్న పనివాడి దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. చెంపల మీద జోరుగా ఆడిన చెయ్యి పెదవుల దగ్గరకు వచ్చేసరికి నెమ్మదించింది. ఆయన కాగితం పక్కన పెట్టి, తడిగుడ్డ చుట్టిన బొటనవేలితో మాత్రమే తుడిచాడు. “ఇక్కడ ఎక్కువ అరగదీస్తే నవ్వు పోతాదండి” అన్నాడు. ప్రాచీన శిల్పంతో ఇంత దగ్గర పరిచయం నాకు మరెక్కడా కనిపించలేదు.

ఆ తరువాత సముద్రం పక్కన ఉన్న ప్రాచీన బౌద్ధ స్థలం తొట్లకొండ ఎక్కండి. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడి, 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగిన ఈ విహారం హీనయాన సంప్రదాయానిది, అంటే బుద్ధుణ్ని విగ్రహంగా కాక గుర్తులతో కొలిచిన తొలినాటి బౌద్ధ శాఖది. అక్కడ ఆరాధన ప్రధానంగా స్తూపానికీ, బుద్ధపాదాలకూ జరిగేది. అందువల్ల హాల్లో, తోటలో బుద్ధుడి ముఖం చూసి అలవాటైన కుటుంబాలు కొండ మీద అటూ ఇటూ తిరిగి, “బుద్ధుడేడీ?” అని కాపలాదారును అడుగుతుంటాయి. నా దృష్టిలో మీ అంశానికి ఇంతకంటే మంచి సన్నివేశం లేదు, ఎందుకంటే అసలు చోటులో ఏం చూడాలో ముందుగానే మనకు నేర్పి పంపినది నకలే. పైగా అసలు, నకలు అన్న గీత అక్కడ కూడా గట్టిగా నిలవదు: 2019 వర్షాలకు మహాస్తూపం కొంత కూలిపోగా తిరిగి కట్టారు, ఇప్పుడు జనం దాని ముందే నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఇటుకల సందుల్లో గడ్డి కోసే కూలీ స్త్రీలను మరిచిపోకండి. రాతిలో తొలిచిన ఏ తొట్టిలో వేసవి దాకా నీరు నిలుస్తుందో వారిలో ఒకామె నాకు చూపించి చెప్పింది.

అనకాపల్లి దగ్గరి మరో బౌద్ధ స్థలం బొజ్జన్నకొండకు కనుమనాడు వెళ్లండి. చుట్టుపక్కల ఊళ్ల జనం వేలల్లో వస్తారు. అక్కడి బొజ్జ లాంటి ఒక ఆకారాన్ని రాక్షసుడిగా నమ్మి రాళ్లు రువ్వే ఆనవాయితీ చాలాకాలం సాగింది. వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ ఇంటాక్ చొరవతో అది ఆగింది. రాయి విసిరినవారిని అజ్ఞానులుగా చూపే ఫొటో తీయడం సులువు, కానీ తరతరాలుగా ఏటా ఆ కొండను విడవకుండా ఎక్కింది వారే. పిల్లలను భుజాన ఎత్తుకుని, ఏకశిలా స్తూపాల మధ్య మెట్లెక్కే ఆ జనాన్ని వారి ముఖాల ఎత్తులోనే నిలబడి తీయండి.

పనికి సంబంధించి కొన్ని మాటలు. చేతిలో కెమెరా ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు గానీ, ట్రైపాడ్, లైట్లు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోండి. బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు శాఖ కిందా, తొట్లకొండ, దాని దగ్గరి మరో బౌద్ధ స్థలం బావికొండ రాష్ట్ర శాఖ కిందా ఉన్నాయి కాబట్టి దరఖాస్తులు వేరువేరుగా పెట్టుకోవాలి. తొట్లకొండ మీద సముద్రం వైపు నుంచి పొద్దుటి ఎండ ఏటవాలుగా పడే వేళ ఇటుకల వరుసలు స్పష్టంగా లేస్తాయి. మధ్యాహ్నం అన్నీ చదునుగా కనిపిస్తాయి. ముప్ఫయ్యయిదు ఎం.ఎం. లెన్సు ఒక్కటి చాలు, దూరం నుంచి లాగే లెన్సు వద్దు. ఎవరినైనా పేరు అడిగి, మాట్లాడి, ఒప్పుకున్నాకే తీయండి. ఫొటో దిగినవారికి ప్రింటు ఇస్తానంటే మాత్రం ఇచ్చి తీరండి. విగ్రహాలు చేసేవారు తమ ముఖం కంటే తాము పూర్తి చేసిన విగ్రహం ఫొటోనే ఎక్కువగా అడుగుతారు, కనుక రెండూ ప్రింటు వేయించండి.