టెక్ సందేహాలు: ఫెర్రీ టికెట్ అంటూ ఏపీకే పంపితే ముట్టుకోవద్దు

సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్లాలనుకుంటున్నవాళ్ల నుంచి వరసగా మెయిళ్లు వస్తున్నాయి. ఎక్కువ మందిది ఒకటే గొడవ. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వాటికే జవాబిస్తున్నాను.

సోషల్ మీడియాలో ప్రకటన చూసి అండమాన్ ప్యాకేజీకి పది వేలు అడ్వాన్సు పంపాను. ‘ఫెర్రీ టికెట్లు ఇందులో ఉన్నాయి, ఇన్‌స్టాల్ చేసుకోండి’ అని వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపారు. ఆ ఫైల్ హానికరమని ఫోన్ హెచ్చరిస్తోంది. ఏజెంటేమో పర్లేదు, ఓకే కొట్టండి అంటున్నాడు. (గుంటూరు)

కొట్టకండి. చాట్‌, మీరు డబ్బు పంపిన వివరాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారకముందే ఆపగలిగితేనే దొరుకుతుంది.

ఏ ఫెర్రీ టికెట్టూ యాప్ రూపంలో ఊడిపడదు. పీడీఎఫ్ వస్తుంది, లేదా ఎస్సెమ్మెస్ వస్తుంది. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది టికెట్ కాదు, మీ ఫోన్‌లోకి దిగే ప్రోగ్రాం. నిన్నటిదాకా ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని, పెళ్లి శుభలేఖ అని పంపినవాళ్లే ఇప్పుడు టూరిస్టుల మీద పడ్డారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్ దీవికి వెళ్లాలంటే దాదాపు అందరికీ పడవే గతి. సీజన్లో టికెట్ దొరకదన్న భయం ఉంటుంది. ఆ కంగారే వాళ్లకు కావాలి.

ఇన్‌స్టాల్ చేయగానే అది ముఖ్యంగా రెండు అడుగుతుంది. ఒకటి, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి. రెండోది యాక్సెసిబిలిటీ. మొదటిదానితో బ్యాంక్ ఓటీపీ మీరు చూసేలోపే వాళ్లకు చేరుతుంది. రెండోదానితో మీ తెర మీద కనిపించేదంతా చదువుతుంది, మీ బదులు బటన్లు కూడా నొక్కుతుంది. అక్కడితో ఆగదు. మీ కాంటాక్ట్స్‌కు మీ పేరుతోనే అదే ఫైల్ పోవచ్చు. ‘బావగారు పంపారు కదా’ అని ఫ్యామిలీ గ్రూపులో ఇంకొకరు నొక్కుతారు. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. పాస్‌వర్డులు కూడా వేరే ఫోన్ నుంచే మార్చండి. యాప్ తీసేస్తే చాలనుకోవద్దు, ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందే. కాల్ ఫార్వర్డింగ్ ఆన్ అయి ఉందేమో కూడా చూసుకోండి.

ఒక్క మాట. 2018లో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అని మార్చారు. టికెట్ మీద కొత్త పేరుందని కంగారుపడి అసలు టికెట్ రద్దు చేసుకోకండి.

అక్కడ నెట్ ఉంటుందా? యూపీఐ పనిచేస్తుందా? (కరీంనగర్, నెల్లూరు, ఇంకా చాలామంది)

చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ఉపగ్రహమే దిక్కు. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఇబ్బంది లేదు. సముద్రం మధ్యలో, బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో మాత్రం సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. చేతిలో నగదు ఉంచుకోండి. ఆ బారాటాంగ్ దారి జరవా ఆదివాసుల అడవి గుండా పోతుంది, వాళ్లను ఫొటో తీయడం నేరం. ఫోన్ బ్యాగులో పెట్టేయండి.

నా కోపం నెట్ మీద కాదు, యాప్‌ల మీద. పడవలెక్కే జెట్టీ గేటు దగ్గర ఒక పెద్దాయనను చూశాను. టికెట్ కొన్నారు, డబ్బు కట్టారు. యాప్ తెరిస్తే ‘కొత్త వెర్షన్‌కు అప్‌డేట్ చేయండి’ అంది. కిందామీదా పడి అప్‌డేట్ చేస్తే లాగౌట్ అయింది. లాగిన్‌కు ఓటీపీ, ఓటీపీకి సిగ్నల్. వెనక క్యూ, ముందు హారన్ కొడుతున్న పడవ, ఆయన చేతులు వణుకుతున్నాయి. కొన్న టికెట్‌ను నెట్ లేకుండా చూపించలేని యాప్ తయారుచేసినవాళ్లు ఆయన ముఖం ఒక్కసారి చూడాలి. గచ్చిబౌలిలో ఏసీ గదిలో వైఫై మీద పరీక్షించి జనం మీదికి వదిలేస్తే ఇలాగే ఉంటుంది. బ్యాంక్ యాప్‌లూ అంతే. ఫోన్ రీసెట్ చేసినా, సిమ్ మార్చినా మళ్లీ ఎస్సెమ్మెస్ పంపి రిజిస్టర్ చేసుకోమంటాయి.

కాబట్టి బయల్దేరే వారం ఏ అప్‌డేటూ పెట్టుకోకండి. ఆటో అప్‌డేట్ ఆపేయండి. టికెట్లు, హోటల్ బుకింగ్, ఆధార్ కాగితం మీద ప్రింట్ తీసుకోండి. అండమాన్ మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

అమెరికా నుంచి వస్తున్న మా అబ్బాయి సిగ్నల్ లేనిచోట మెసేజ్ పంపే శాటిలైట్ పరికరం తెస్తానంటున్నాడు. (రాజమండ్రి)

వద్దని ఇవాళే చెప్పండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, అలాంటి మెసెంజర్ దగ్గర ఉంచుకోవడం నేరం. విషయం తెలియక తెచ్చిన విదేశీ పర్యాటకులను విమానాశ్రయాల్లో పట్టుకున్న సంఘటనలు ఉన్నాయి.

నా ఫోన్‌కు ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే రేటింగ్) ఉంది. స్నార్కెలింగ్‌లో నీళ్లలోకి తీసుకెళ్లొచ్చా? (విశాఖపట్నం)

వద్దు. ఆ పరీక్ష చేసేది కదలని మంచినీళ్లలో, ఉప్పునీళ్లలో అలల మధ్య కాదు. ప్రకటనలో ఫోన్‌ను ఈతకొలనులో ముంచి చూపిస్తారు, వారంటీ కాగితంలో నీళ్లవల్ల పాడైతే మాకు సంబంధం లేదని చిన్న అక్షరాల్లో రాస్తారు. ఇది మోసం కాక మరేమిటి? వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొంటే ముందు అందులో టిష్యూ కాగితం పెట్టి బకెట్లో అరగంట ముంచి చూడండి. తడవకపోతేనే ఫోన్ పెట్టండి. అయినా ఉప్పునీరు తగిలిందా, మంచినీళ్లతో మెల్లగా కడిగి, తుడిచి, పోర్ట్ పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి.