ఒకే చోటును జీవితమంతా ఫోటో తీస్తే విసుగు రాదా?

మీరు అడిగింది ఇది: న్యూయార్క్‌లో సముద్రపు ఒడ్డున, ఆటల పార్కులతో ఉండే కోనీ ఐలాండ్‌ను ఒక ఫోటోగ్రాఫర్ జీవితమంతా తీశారట, ఒకే చోట అన్నేళ్లు తీయడానికి ఏముంటుంది, సముద్రమే లేని పాలమూరులో ఉండి మనం అలాంటి పని ఎలా చేస్తాం?

మీరు చదివింది హెరాల్డ్ ఫైన్‌స్టైన్ గురించి అయి ఉంటుంది. 1931లో ఆ కోనీ ఐలాండ్‌లోనే పుట్టారు. పదిహేనేళ్లకు కెమెరా పట్టారు. పంతొమ్మిదేళ్లకే న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఆయన ఫోటోలు కొన్నది. తర్వాత కొరియా యుద్ధానికి సైనికుడిగా వెళ్లి వచ్చారు, ఎందరికో ఫోటోగ్రఫీ నేర్పారు, పెద్ద వయసులో పూలను స్కానర్ మీద పెట్టి రంగుల చిత్రాలు చేశారు. ఇన్ని చేస్తూ కూడా పుట్టిన ఒడ్డుకు దశాబ్దాల పాటు కెమెరాతో తిరిగి తిరిగి వెళ్లారు. 2015లో కన్నుమూశారు.

ముందు ఆ ‘ఒకే చోటు’ అన్నమాట సంగతి చూద్దాం. కోనీ ఐలాండ్ ఎన్నడూ ఉన్నది ఉన్నట్టు లేదు. డ్రీమ్‌ల్యాండ్ అనే పార్కు 1911లో తగలబడిపోయింది. లూనా పార్కును 1944లో మంటలు మింగాయి. స్టీపుల్‌చేజ్ పార్కు 1964లో మూతపడింది. ఎత్తు నుంచి జనాన్ని పారాచూట్‌తో కిందికి దింపే టవర్‌ను 1939 ప్రపంచ ప్రదర్శన కోసం వేరే చోట కట్టి, 1941లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. ఆ ఆట ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది, టవర్ మాత్రం ఇంకా ఉంది. పాతకాలం నుంచీ నిలిచి తిరుగుతున్నవి కొన్నే: 1920 నాటి వండర్ వీల్ అనే జెయింట్ వీల్, 1927 నాటి సైక్లోన్ అనే చెక్క రోలర్ కోస్టర్. వండర్ వీల్‌కు 24 పెట్టెలు ఉంటే అందులో 16 స్థిరంగా ఉండవు, చక్రం తిరుగుతుంటే లోపలి పట్టాల మీద జారుతూ ఊగుతాయి. మన జెయింట్ వీల్‌కే కళ్లు మూసుకునే వాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

ఇక ఆ జనం. 1920 నాటికి సబ్‌వే రైలు అక్కడికి చేరింది. 1948 వరకు టికెట్ ఐదు సెంట్లే. చేతిలో చిల్లర ఉన్న ప్రతి కూలీ కుటుంబం ఎండాకాలం ఆదివారం వచ్చి ఆ ఇసుకలో పడేది. ఫైన్‌స్టైన్‌కు దొరికిన నిధి అదే. ఇంటి దగ్గర, పని దగ్గర ముఖానికి ఉండే బిగువు వినోదం దగ్గర సడలిపోతుంది. అందుకే ఆయన ఫోటోల్లో యంత్రాల కంటే మనుషులే ఎక్కువ: ఒకరి మీద ఒకరు వాలి నవ్వే కుర్రాళ్లు, చుట్టూ వేలమంది ఉన్నా ఎవరూ లేనట్టు ఉండే జంటలు.

ఆ బిగువు సడలడం నేను చూసింది కురుమూర్తి జాతరలో. చిన్నచింతకుంట మండలంలో దీపావళి వెళ్లగానే మొదలై, బ్రహ్మోత్సవాలు ముగిశాక కూడా వారాల తరబడి సాగే జాతర అది. కుర్రవాడిగా ఉన్నప్పుడు అక్కడ ఒక ఫోటో దుకాణంలో పనికి కుదిరాను. రంగులు వేసిన చార్మినార్ పరదా, చక్రాలు లేని చెక్క విమానం, అందరికీ కలిపి ఒకే కోటు, ఒకే నల్లకళ్లద్దాలు, ఎవరూ జేబులో వేసుకుపోకుండా అద్దానికి తాడుతో కట్టిన దువ్వెన. వచ్చిన మనిషి తల దువ్వి, కోటు తొడిగి, విమానంలో కూర్చొని కొయ్యబొమ్మలా బిగుసుకుపోయేవాడు. “అయిపోయింది, లేవండి” అనగానే పక్కనున్న వాళ్లతో కలిసి పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు ఏ ప్రింటులోనూ లేదు, రీలు ఖర్చని మా యజమాని రెండోసారి నొక్కనిచ్చేవాడు కాదు. తర్వాత నా సొంత కెమెరాతో నేను తీసిందంతా ఆ ‘అయిపోయింది’ తర్వాతి ముఖాలే. ఏడాదంతా పెళ్లిళ్లు తీసి బతుకుతాను, కార్తీకంలో మాత్రం నా కోసం తీసుకుంటాను.

ఎక్కడ నిలబడాలో చెబుతాను. జెయింట్ వీల్ తిరుగుతుంటే దూరం నుంచి అందరూ తీస్తారు, కాంతి చారలు వస్తాయి, బాగుంటాయి, మరుసటి రోజుకు మరిచిపోతారు. మీరు జనాన్ని ఎక్కించుకునే చోట నిలబడండి. ఒక్కో తొట్టి నిండేదాకా చక్రం ఆగి ఆగి కదులుతుంది. అప్పుడే ఎక్కిన వాళ్లు కాస్త పైకి లేచి గాలిలో ఆగిపోతారు. అక్కడ ఒక తండ్రిని తీశాను. కూతురు భయపడుతుందని తోడు ఎక్కాడు, ఆ పిల్లేమో రెండు చేతులూ గాలిలోకి ఎత్తి అరుస్తోంది, ఈయన కడ్డీని రెండు చేతులా పట్టుకొని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఊరు అడిగి రాసుకొని, మరుసటి ఏడాది ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. “ఇది నేను కాదు” అన్నాడు. భార్య మాత్రం ప్రింటు లాక్కొని చెంగులో దాచుకుంది.

ప్రింట్లు ఇవ్వడం మానకండి. ఫోను చేతిలో ఉన్న ప్రతివాడినీ జనం ఇప్పుడు అనుమానంగా చూస్తారు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆ అనుమానం న్యాయమే. అడిగి తీయండి, వద్దంటే కెమెరా దించేయండి. నిరుడు ప్రింటు అందుకున్న ఇంట్లో ఈ ఏడు మిమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెడతారు, ఆ తర్వాత మీ చేతిలో కెమెరా ఉన్న సంగతి కూడా పట్టించుకోరు. ఫైన్‌స్టైన్ అక్కడే పుట్టినందున ఈ చనువు ఆయనకు ముందే ఉంది, మనలాంటి వాళ్లం సంపాదించుకోవాలి. వడ్డెమాన్ ఊరి నుంచి స్వామివారి ఉద్దాలు, అంటే పాదరక్షలు, వచ్చే రోజున పట్నం నుంచి పొడవాటి లెన్సులతో దిగి, సాయంత్రానికి వెళ్లిపోయే వాళ్లను చూస్తుంటాను. వాళ్ల ఫోటోల్లో తలలు లెక్కపెట్టుకోవచ్చు, ఒక్క మనిషీ కనిపించడు.

పరికరాల గురించి పెద్దగా ఆలోచించకండి. 35 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటి చాలు, దగ్గరికి వెళ్లక తప్పని పరిస్థితి అది తెస్తుంది. రాత్రిపూట ఎల్‌ఈడీ దీపాల కింద ఫోటోలో అడ్డచారలు వస్తుంటే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, ఆ వేగాల్లో చారలు చాలావరకు పోతాయి.

వస్తే ఉద్దాల రోజున రాకండి. ఆ తర్వాతి వారం, పనిదినాన, మధ్యాహ్నం రండి. జనం పలచగా ఉంటారు, గాజుల దుకాణాల వాళ్లు గోనె పరిచి కునుకు తీస్తుంటారు, జెయింట్ వీల్ కుర్రాళ్లు ఖాళీ తొట్లలో కూర్చొని అన్నం తింటుంటారు. వాళ్లను ఎవరూ తీయడం లేదు. అక్కడ మొదలుపెట్టండి.