నలభై దాటాక బేస్ గిటార్ మొదలుపెడితే వస్తుందా?

"నాకు 42. సంగీతం అస్సలు రాదు. బేస్ నేర్చుకోవాలంటే ముందు మామూలు గిటార్ నేర్చుకోవాలా? వేళ్లు పొట్టివి, కుదురుతుందా?" అని ఒకరు అడిగారు. నేను మొదలుపెట్టింది 41లో, విశాఖ పెద్ద వాల్తేరులో అద్దెకుంటున్నప్పుడు.

మామూలు గిటార్ అక్కర్లేదు. పాటలో అడుగున కింది స్వరాలు పలికించే బేస్‌కి తీగలు నాలుగే: ఇ, ఎ, డి, జి. గిటార్‌లో లావు తీగలు నాలుగింటికీ ఇవే పేర్లు, కాకపోతే ఒక స్థాయి కింద. వేళ్ల సంగతంటారా, మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. షార్ట్ స్కేల్‌వి 30 అంగుళాలవి ఉంటాయి, అవి చూడండి. 34దే కొన్నా మునిగిపోయేదేమీ లేదు. మెడ మీద తల వైపు గళ్లు (రెండు ఫ్రెట్ కమ్మీల మధ్య చోటు) వెడల్పు కాబట్టి గడికో వేలు చాచకుండా, ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిపి నొక్కితే సరిపోతుంది. నేను ఇప్పటికీ అంతే. ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని, దాని వెనకే నొక్కాలి. గడి మధ్యలో నొక్కితే జుర్రుమంటుంది, వేలూ నొప్పెడుతుంది.

నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మొదటి రెండు వారాలు ఫోన్ స్పీకర్‌లో వీడియోలు పెట్టుకుని నేర్చుకున్నాను. గాజువాకలో డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, అప్పుడు కూర్చునేవాణ్ని. అవతలాయన ఏం వాయిస్తున్నాడో సగం వినపడేది కాదు. నా చెవిదే లోపం అనుకున్నాను. తీరా చూస్తే ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత కింది ధ్వనిని ఫోన్ స్పీకర్ పలికించలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న రోజు కొత్త పాట విన్నట్టయింది.

తర్వాత ఒక మాస్టారి దగ్గర చేరాను. ఆయనకి పాతికేళ్లుంటాయేమో. నేను "మాస్టారూ" అనడం, ఆయన నన్ను "అంకుల్" అనడం, మొదట్లో ఇద్దరికీ ఇబ్బందే. మొదటి నెలంతా కుడిచేతి పనే చేయించారు. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసేది) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి, చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి ఒక్క తీగ మీదే. విసుగే. కానీ వాయించిన తీగ కంటే వాయించని తీగే ఎక్కువ గోల చేస్తుందని అక్కడే తెలిసింది. ఎ తీగ మీటుతుంటే పక్కన ఇ తీగ దానంతటదే మూలుగుతూ ఉంటుంది. బొటనవేలు దాని మీద ఆనించి ఉంచాలి. నా రికార్డింగుల్లో ఏదో బురదగా ఉందనుకునేవాణ్ని, ఆ బురద ఇదే.

ఎడమచేతికి ఒక్క ఆకారం పట్టుకోండి. ఎ తీగ మీద మూడో ఫ్రెట్ సి. దాన్ని సా అనుకోండి. పక్కన సన్న తీగ మీద రెండు గళ్లు ముందుకెళ్తే, అంటే డి తీగ ఐదో ఫ్రెట్ దగ్గర, పా. దాని పక్క తీగ మీద అదే ఐదో ఫ్రెట్‌లో పై సా. తంబురా చేసే పనే అనుకోండి, కాకపోతే తాళంలో. ఈ ఆకారాన్ని మెడ మీద ఎక్కడికి జరిపినా సా, పా, సా అలాగే ఉంటాయి. పాటలో కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఏ స్వరం మీదుంటే ఆ సా దగ్గరికి జరగడమే. ఆర్నెల్లకి నేను దీంతోనే మా స్నేహితుడి చర్చిలో ఆదివారం రిహార్సల్‌కి కూర్చున్నాను. డ్రమ్ముల అబ్బాయి నాలుగు పాటలు ఓపిక పట్టి, "అన్నా, స్వరం కరెక్టే. ఎక్కడ మొదలెట్టాలో చూస్తున్నారు, ఎక్కడ ఆపాలో చూడట్లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి పెద్ద డ్రమ్ము పెడల్ తొక్కే అతని కుడికాలు చూస్తూ వాయిస్తున్నాను. ఆ కాలు పడ్డప్పుడు నా స్వరం పడాలి, స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్ము) మోగేలోపు ఆగాలి.

మన ఊళ్లో ఇంకో తలనొప్పి, ఉప్పుగాలి. బాల్కనీ గదిలో స్టాండు మీద వదిలేస్తే నెలన్నరలో తీగలకి తుప్పు పట్టింది. బేస్ తీగల సెట్టు మామూలు గిటార్ వాటికంటే బాగా ఖరీదు, ఇంట్లో ఆ లెక్క చెప్పుకోవాల్సొచ్చింది. వాయించగానే పొడిగుడ్డతో తీగల కింద కూడా తుడిచి, సంచిలో పెట్టి జిప్ వేసెయ్యండి.

కొట్లో కూర్చుని చూసి కొనకండి. పట్టీ తగిలించుకుని నిలబడి, రెండు చేతులూ వదిలి చూడండి. కొన్నిటికి తల బరువై మెడ నేలకి వాలిపోతుంది, ఎడమచేయి దాన్ని మొయ్యడానికే సరిపోతుంది. నా మొదటిది అలాంటిదే, సెకండ్ హ్యాండ్‌లో తొమ్మిది వేలు పోసి తెచ్చుకున్నాను.