ఎక్స్‌టెండెడ్ ఎస్సే: రాసిపెట్టేవాళ్ళు వద్దు, ప్రశ్న చిన్నది చేసుకుంటే చాలు

ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియెట్) డిప్లొమా మొదటి సంవత్సరం, మన ఇంటర్ లాంటిది. హిస్టరీ, ఎకనామిక్స్ అంటే ఇష్టం. 4,000 పదాల ఎక్స్‌టెండెడ్ ఎస్సే, అంటే ఒక పరిశోధన వ్యాసం, సొంతంగా రాయాలట, నెలకో టాపిక్ మారుస్తున్నాడు. వాళ్ళ నాన్న ఏఐ మీద రాయమంటున్నారు. మొత్తం మేమే చూసుకుంటామని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. వచ్చేది మూడు పాయింట్లేగా, ఇంత టెన్షన్ అవసరమా మేడమ్? (ఒక తల్లి, కోకాపేట)

జవాబు: ముందు ఆ మూడు పాయింట్ల సంగతి చూద్దామమ్మా. ఆరు సబ్జెక్టులకు కలిపి 42, ఈ ఎస్సేకీ థియరీ ఆఫ్ నాలెడ్జ్‌ అనే తప్పనిసరి కోర్సుకీ కలిపి 3, మొత్తం 45 కాబట్టి చూడ్డానికి చిన్నదిగానే ఉంటుంది. కానీ ఎస్సేలో అన్నిటికంటే కింది గ్రేడ్ ‘E’ వచ్చిందంటే సబ్జెక్టుల్లో ఎన్ని మార్కులొచ్చినా డిప్లొమా ఇవ్వరు. అసలు ఎస్సే ఇవ్వకపోయినా అంతే. మన దగ్గర ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఆ డిప్లొమాని ప్లస్ టూకి సమానంగా గుర్తిస్తుంది, అది చేతికి రాకపోతే ఇక్కడి యూనివర్సిటీల్లో అడ్మిషన్ దగ్గర చిక్కు రావచ్చు. అందుకే దీన్ని పాయింట్ల లెక్కలో చూడకండి.

ఇక కన్సల్టెన్సీ. దయచేసి వద్దు. సూపర్‌వైజర్‌తో, అంటే ఈ ఎస్సేకి దారి చూపే స్కూల్ టీచర్‌తో, మూడు రిఫ్లెక్షన్ సెషన్లు ఉంటాయి, చేసిన పని గురించి కూర్చుని మాట్లాడుకోవడం, చివరిది వైవా. ఈ ప్రశ్న ఎందుకు ఎంచుకున్నావు, ఎక్కడ ఇరుక్కున్నావు, ఏ ఆధారం చూశాక అభిప్రాయం మారింది అని అడుగుతారు, ఎవరో రాసిచ్చింది చదువుకుని వెళ్ళిన పిల్లాడు అక్కడ నోరు తెరవలేడు. పట్టుబడితే ఆ ఎస్సేకి గ్రేడే ఉండదు, డిప్లొమా పోతుంది. ఏఐ టూల్ వాడొచ్చు గానీ అది రాసిన వాక్యం ఎక్కడ పెట్టినా అక్కడే ఆ సంగతి చెప్పాలి, చెప్పకుండా సొంతమన్నట్టు ఇస్తే అదీ ఇదే కోవలోకి వస్తుంది.

మీ వాడు టాపిక్ మారుస్తున్నాడంటే నాకైతే బద్ధకం అనిపించడం లేదు, పెద్ద పెద్ద టాపిక్‌లు పట్టుకుని వాటిలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వదిలేస్తున్నాడనిపిస్తోంది. నా దగ్గరకొచ్చే పిల్లల్లో ఎక్కువమందిది ఇదే బాధ. ‘మూసీ నది’ అనేది టాపిక్, దాని మీద 4,000 పదాలు రాస్తే ఎన్‌సైక్లోపీడియా వ్యాసంలా తయారవుతుంది. హిస్టరీ ఇష్టం అన్నారు కాబట్టి అదే మూసీని ఎలా కుదించాలో చెప్తాను. 1908 సెప్టెంబర్‌లో మూసీకి భయంకరమైన వరదొచ్చింది, వేలమంది పోయారు. నిజాం ప్రభుత్వం ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది, 1920లో ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. ఇప్పుడు ఇలా అడగమనండి: ‘ఉస్మాన్‌సాగర్ కట్టడానికి వరద భయం ఎంతవరకు కారణం, నగరానికి తాగునీటి అవసరం ఎంతవరకు కారణం?’ దీనికి రెండువైపులా వాదించొచ్చు, ఆధారాలు వెతకొచ్చు, చివరికి ఒక తీర్పు చెప్పొచ్చు. మీ ఇంటికి గండిపేట ఎంత దూరమో మీకే తెలుసు. హిస్టరీలో గత పదేళ్ళలో జరిగినవాటి మీద రాయకూడదన్న నియమం ఉంది, ఇక్కడ ఆ ఇబ్బందీ లేదు.

ఆధారాలకి తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలం కాగితాలు చాలావరకు ఫారసీ, ఉర్దూల్లో ఉంటాయి, మీ ఇంట్లో ఉర్దూ చదవగలిగే పెద్దవాళ్ళెవరైనా ఉంటే అదృష్టమే, లేకపోతే ఇంగ్లీషులో ఉన్నవాటితో సరిపెట్టుకోవాలి. విశ్వేశ్వరయ్య తన ఉద్యోగ జ్ఞాపకాల్లో హైదరాబాద్ పని గురించి రాసుకున్నారు, అది ఇంగ్లీషులోనే ఉంది. అయితే తను చేసిన పని గురించి తనే రాసుకున్న మాటల్ని ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్న మీ వాడికి తట్టిందంటే ఎస్సే సగం దారికొచ్చినట్టే, పరీక్షకులు వెతికేది ఆ ఆలోచననే. ఇదే టాపిక్ తీసుకోమని అనడం లేదు, వాడి ప్రశ్న ఈ సైజుకి రావాలంటున్నాను.

నాన్నగారి ఏఐ గురించి ఒక్క మాట. వాడికి మనసుంటే తప్పకుండా రాయొచ్చు, కానీ కాలేజీ అప్లికేషన్‌లో మెరుస్తుందని మాత్రం వద్దు. ఇది సుమారు 40 గంటల పని, నెలల తరబడి సాగుతుంది, ఇష్టం లేని టాపిక్‌తో ఐఏలు (సబ్జెక్టుల ప్రాజెక్టులు), క్యాస్ (చదువు బయటి కార్యక్రమాలు), ప్రిడిక్టెడ్ గ్రేడ్ల (టీచర్లు ముందే వేసే అంచనా మార్కుల) మధ్య అన్నాళ్ళు నెట్టుకురావడం ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను.

ఒక సంగతి స్కూల్‌ని ముందే అడగండి: లోపలి గడువులు ఏ తేదీలు? సూపర్‌వైజర్ పూర్తి డ్రాఫ్ట్ ఒక్కటే చూసి, ఒక్కసారే సూచనలిస్తారు, దిద్దిపెట్టరు. చాలామంది సగం సగం రాసింది ఇచ్చి ఆ ఒక్క అవకాశం వృథా చేసుకుంటారు. మీరు చేయగలిగింది కూడా ఉందమ్మా. ఆర్కైవ్స్‌కి ముందు ఫోన్ చేసి కనుక్కుని, స్కూల్ నుంచి ఒక లేఖ తీసుకుని మీరే తోడు వెళ్ళండి. ఇంటికొచ్చాక ఏం దొరికిందో వాణ్ణి తెలుగులో చెప్పమనండి, మీకు అర్థం కాని చోట ఆపి అడగండి. వాడు తడబడిన చోటు డైరీలో రాసుకుని సూపర్‌వైజర్ దగ్గరకు పట్టుకెళ్తే తర్వాతి సెషన్‌లో ఏం మాట్లాడాలో సిద్ధంగా ఉంటుంది. ఈ వారం మాత్రం ఒక్కటే పని, ఎస్సేకి పనికొచ్చే మూడు ప్రశ్నలు కాగితం మీద రాయమనండి, ఒక్కోటీ ఒక్క వాక్యంలో.